చిన్నాయన చేతుల్లో మాట

రుద్రారం యూనివర్సిటీలో పాఠం చెప్పి బస్సులో తిరిగి వస్తుంటే, పాశమైలారం ఫ్యాక్టరీలు దగ్గరపడగానే కుళ్లిన పండ్ల మీద స్పిరిటు చల్లినట్టుండే వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. తోటి ప్రయాణికులు కొంగులు, రుమాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నాకు చిన్నాయన గుర్తొస్తాడు.

నాన్న తమ్ముడైన చిన్నాయన పుట్టు చెవిటివాడు. నాకు ఆరో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఎనభైల్లో, పాశమైలారంలో మా చేల పక్కన ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజులవి. అమ్మానాన్నలు నన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పి అలసిపోయాక, చిన్నాయనే నన్ను అరుగు మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని తన సైగలు నేర్పాడు. వానకు తడిసిన బర్రెల వాసన, పిడకల మీద కాల్చిన మక్క కంకులు, బతుకమ్మ నాడు నానమ్మ రొట్టె, బెల్లం కలిపి ముద్దలు కట్టిన మలీద, దాగుడుమూతల్లో నన్ను వెనక నుంచి పిలిచి పిలిచి విసుగొచ్చి వెళ్లిపోయిన పిల్లలు, అన్నీ మేమిద్దరం చేతులతోనే చెప్పుకునేవాళ్లం.

"చెవులున్నోళ్లకు గూడ ఇన్ని ముచ్చట్లుండయి" అని నానమ్మ నవ్వేది. ఆమె పెదవులు చదివి నేను చిన్నాయనకు చెప్పేదాన్ని.

బావినీళ్ల రంగు మారి సేద్యం మూలపడ్డాక ఆయన ఒక ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే పనికి కుదిరాడు. ఒక మధ్యాహ్నం అక్కడ గ్యాసు లీకైంది. ఏడుస్తున్న అమ్మ పెదవులు వణికి మొదట నాకేమీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాను.

"సైరన్ కొట్టిన్రట బిడ్డా. అందరు ఉరికిన్రు. మీ చిన్నాయన గోడ దిక్కు మొకం బెట్టి డ్రమ్ములు కడుగుతనే ఉన్నడట."

ప్రాణం దక్కింది. కళ్లు పోయాయి.

ఇంటికి తెచ్చాక, సైగ చేస్తున్న నా చేతుల మీద ఆయన చేతులు పెట్టుకున్నాను. చాలాసేపు తడిమాడు. పగలేనా అని అడిగాడు. ఆ రోజు నుంచి వాకిట్లో కోడి తిరిగినా, మబ్బు పట్టినా ఆయన చేతుల్లోనే చెప్పాను. తర్వాత నన్ను హైదరాబాదులో బధిరుల బడి హాస్టల్లో చేర్చారు. ఇంట్లో ఇంకెవరికీ ఆ సైగలు రావు. దసరా సెలవులకు వచ్చి పక్కన కూర్చుంటే, వాసనతోనో స్పర్శతోనో పోల్చుకుని వెంటనే చేతులు చాచేవాడు. కొన్నేళ్లకు చాచడం మానేశాడు. నేను పట్టుకున్నా వేళ్లు కదలలేదు. నేను కాలేజీలో ఉండగా పోయాడు.

చెవిటివాళ్లు తామున్న చోట ఏం జరుగుతోందో ఎలా తెలుసుకుంటారన్నదే నా పరిశోధన అయింది. ఇళ్లలో, కార్ఖానాల్లో, రోడ్ల మీద ఎంతోమందిని కలిశాను. పని చేసేటప్పుడు మీ ముఖం ఎటు ఉంటుందని మొదట అడుగుతాను. ఎక్కువమంది గోడనే చూపిస్తారు.

మొన్న మా ఇల్లున్న చోటికి వెళ్లాను. అరుగు లేదు, బావి లేదు, రేకుల గోదాము ఉంది. గేటు దగ్గర బీహారీ వాచ్‌మన్ "కిస్‌సే మిల్నా హై?" అన్నాడు. ఎవరిని కలవాలని అడుగుతున్నాడని అతని పెదవులు చూసి అర్థమైంది. చెప్పడానికి అక్కడ ఎవరి పేరూ లేదు.