మోరాగ్ తీర్పు

వాటీ కరుదర్స్‌కి సొంత అభిప్రాయమంటూ ఒక్కటీ లేదు. ఏది అడిగినా "ఆవిణ్ణి అడగాలి" అంటాడు. ఆవిడంటే ఇంటావిడ ఎల్స్‌పెత్ అనుకునేరు. కాదు. ఆవిడంటే మోరాగ్, నల్ల లాబ్రడార్ కుక్క. మూతి నెరిసింది, నడుం వెడల్పయింది, చూపులో మాత్రం హైకోర్టు జడ్జి గారికి ఉండవలసిన విసుగంతా ఉంది.

ముందుగది కిటికీలకి తెరలు మార్చాలని ఎల్స్‌పెత్ రెండు రకాల గుడ్డ తెస్తే, వాటీ రెండింటినీ నేలమీద పరిచాడు. మోరాగ్ వాసన చూసి, ఆలోచించి, గోధుమరంగు గుడ్డ మీద పడుకుంది. ఆ ఇంటికి ఈనాటికీ గోధుమరంగు తెరలే. చర్చిలో పాటల బృందంలో చేరమని పాస్టరు గారు బతిమాలినప్పుడూ అంతే. "ఇదిగో, ఇలా పాడాలి" అని ఆయన గొంతెత్తగానే మోరాగ్ లేచి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. "తీర్పు మీరే చూశారు కదండీ" అని వాటీ టోపీ పెట్టుకున్నాడు.

"ఏవండీ, నన్ను చేసుకోమని అప్పట్లో మీకు చెప్పిన కుక్క ఏదో కాస్త చూపించండి. నాలుగు తగిలిస్తాను" అనేది ఎల్స్‌పెత్.

"అది పోయిందే. మహా ఇల్లాలు" అనేవాడు వాటీ.

ఈ పిచ్చి ఇంటి గడప దాటకుండా ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. కానీ అది ఊరి పక్కనున్న సోల్వే సముద్రతీరం దాకా పాకింది. చలికాలం సాయంత్రాలు అడవి పెద్దబాతులు పొలాల్లో మేత ముగించుకుని, రాత్రికి సముద్రపు ఇసుకమేటల మీద వాలడానికి గుంపులు గుంపులుగా వస్తాయి. ఊళ్లో మగాళ్లందరూ తుపాకులు పట్టుకుని బురదకాలవల్లో నక్కి కూర్చుంటారు. ఒక్కో కాలవలో ఇద్దరేసి. ఇద్దరూ ఒకేసారి పేలుస్తారు, ఒకే బాతు పడుతుంది. అది ఎవరు కొట్టినట్టు? పక్క ఊళ్లో ఈ ఒక్క ప్రశ్న మీద అన్నదమ్ములకి మాటల్లేకుండా పోయాయి.

వాటీ ఊళ్లో మాత్రం ఆ తగువే లేదు. "ఆవిడ చెబుతుంది" అనేవాడు వాటీ. మోరాగ్ నీళ్లలోకి దూకి, బాతుని నోట కరుచుకుని వచ్చి, ఎవరి కాళ్ల దగ్గర పెడితే వాళ్లే కొట్టినట్టు. వేటగాళ్ల సంఘం దీన్ని నిబంధనల్లో కూడా ఎక్కించింది. తమాషా ఏమిటంటే, పక్కన ఇంకొకడు ఉన్నాడంటే మోరాగ్ ఒక్కసారి కూడా బాతుని సొంత యజమాని దగ్గర పెట్టలేదు. దాంతో తీరం మొత్తానికి అంతటి పనికిరాని గురి ఇంకెవరికీ లేదని వాటీకి పేరు వచ్చింది.

"పెంచిన కుక్కే సాక్ష్యం చెబుతుంటే ఇంకేం వాదిస్తావయ్యా" అని నవ్వేవారు.

"న్యాయమంటే అదే మరి. సొంతవాళ్లని చూసుకోదు" అని మురిసిపోయేవాడు వాటీ.

ఏటా అక్టోబరులో బాతులు దిగిన మొదటి సాయంత్రం ఒంటరిగా వెళ్లి ఒక్కటి కొట్టుకొచ్చేవాడు. ఆ ఏడాదికి అదే అతని మొత్తం వేట. గుడ్డివాడి రాయి తగిలిందనేవారు ఊళ్లో.

ఇలాంటి వాటీ పక్కన కూర్చునే గతి రొట్టెల దుకాణం నినియన్‌కి పట్టింది. కుక్క లేనివాడు కుక్క ఉన్నవాడి పక్కనే కూర్చోవాలన్నది ఇంకో నిబంధన. కొట్టిన బాతుని వెతక్కుండా వదిలేయడం ఆ తీరంలో మహాపాపం. నినియన్ భార్య పిండి ఉన్న ఇంట్లో బొచ్చు ఉండకూడదంటుంది. నినియన్ గుండ్రంగా ఉంటాడు, మెత్తగా ఉంటాడు, పేల్చేటప్పుడు గట్టిగా కళ్లు మూసుకుంటాడు. అయినా ఏటా అతని కాళ్ల దగ్గరికి ఒకటో రెండో బాతులు వచ్చేవి. తన గురి మీద అతనికి మంచి నమ్మకమే ఉండేది.

ఆ ఏడు మాత్రం దరిద్రం పట్టుకుంది. బాతులు వేరే దారిన పోయేవి, లేదా మంచు కమ్మేసేది, లేదా నినియన్‌కి తుమ్ము వచ్చేది. ఫిబ్రవరి ఇరవై వచ్చేసింది. సీజన్‌కి అదే ఆఖరి సాయంత్రం. ఏడాదికి ఒక్క బాతైనా కొట్టనివాడి చోటు ఇంకొకరికి ఇచ్చేయాలన్నది సంఘం మూడో నిబంధన. ఆ చోటు కోసం కార్లైల్ పట్నం నుంచి ఒక పళ్ల డాక్టరు గారు చాలాకాలంగా కాచుకుని ఉన్నారు. ఆ సాయంత్రం కొత్త బూట్లు వేసుకుని వచ్చి, సంఘం పాకలో అప్పుడే కూర్చున్నారు కూడా.

తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చేవాడికి ఈ బురదలో సాయంత్రాలే పండగ. అవి పోతే ఇంక మిగిలేది పొయ్యి, భార్య, పొయ్యి. అందుకే నినియన్ ముఖం ఆ రోజు పులియని పిండిలా ఉంది.

"ఎందుకురా అంత దిగులు? పిండి కొద్దీ రొట్టె. వచ్చేది వస్తుంది" అన్నాడు వాటీ, కాలవలో నడుస్తూ.

"పళ్ల డాక్టరు బూట్లు చూశావా? నిగనిగలాడుతున్నాయి. నా చోట్లో నిలబడ్డానికి కొన్నాడు!"

"ఆవిడకి ఆ బూట్లు నచ్చలేదు. ఇందాక ఒకదాని మీద కూర్చుంది."

మధ్యలో పెద్ద కాలవ అడ్డం వచ్చింది. కాలవ దాటేటప్పుడు తుపాకీలోంచి తూటాలు తీసేయాలి. జారి పడితే ప్రమాదం. ఇద్దరూ తీసి, దాటి, అవతలి గట్టు కింద కూర్చున్నారు. వాటీ మళ్లీ తూటాలు పెట్టుకున్నాడు. నినియన్ పెట్టుకోబోతుండగా ఫ్లాస్కు మూత ఊడి వేడి టీ తొడమీద ఒలికింది. చిందులు తొక్కి, తుడుచుకుని, వాటీ ఇచ్చిన అల్లం కేకు తిని, మళ్లీ దిగులుపడ్డాడు.

పొద్దు వాలింది. దూరంగా పొలాల వైపు నుంచి కుక్కపిల్లల గుంపు కీచుకీచుమన్నట్టు బాతుల చప్పుడు మొదలైంది. మోరాగ్ చెవులు నిక్కించింది.

"అబ్బాయ్, తల దించు. నేను చెప్పేదాకా కదలకు."

"గాలి మన వైపుందా?"

"ఆవిణ్ణి అడుగు."

"వాటీ! నా బతుకు ఇక్కడ వేలాడుతోంది, నువ్వింకా..."

"ఇప్పుడు!"

నినియన్ లేచాడు, కళ్లు మూసుకున్నాడు, మీట నొక్కాడు. చెవులు దిమ్మెక్కే మోత మోగింది. కళ్లు తెరిచేసరికి బాతుల వరస చెదిరిపోయింది. ఒకటి మాత్రం రెక్కలు ముడుచుకుని అంత దూరాన నీళ్లలో దభీమని పడింది. మోరాగ్ అప్పటికే సగం దూరం ఈదేసింది.

"పడింది! పెద్దాయనా, పడింది! ఇవాళ తుపాకీ భుజాన్ని తన్ననైనా తన్నలేదు. చెయ్యి తిరిగిందంటే ఇదేనేమో!"

"ఏమో మరి. చూద్దాం ఆవిడేమంటుందో."

మోరాగ్ గట్టెక్కింది. చల్లటి నీళ్లు కారుతూ, వాటీ వైపు కన్నెత్తయినా చూడకుండా, నేరుగా నినియన్ బూట్ల మీద బాతుని పెట్టింది. నినియన్ దాని తల మీద ముద్దు పెట్టాడు. కుక్క తల మీదా, బాతు తల మీదా కూడా.

"నక్కతోక తొక్కావురా. పద, డాక్టరు గారికి ఆ బూట్లు అమ్మేసుకోమని చెబుదాం."

తిరిగి వెళ్లాలంటే మళ్లీ కాలవ దాటాలి. తూటాలు తీసేద్దామని నినియన్ తుపాకీ మడిచాడు. రెండు గొట్టాల్లోంచీ అవతలి సాయంత్రపు వెలుగు శుభ్రంగా కనిపించింది. తడబడి జేబులో చెయ్యి పెట్టాడు. ఇందాక తీసిన రెండు తూటాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటితోపాటు మెత్తగా ఇంకేదో తగిలింది. తీసి చూస్తే మాంసపు సాసేజి ముక్క. మోరాగ్ వచ్చి మర్యాదగా ఎదురుగా కూర్చుంది.

"వాటీ."

"ఊఁ."

"నా తుపాకీలో తూటాల్లేవు."

వాటీ తన పొగాకు పైపు వైపు చాలా శ్రద్ధగా చూసుకున్నాడు. "అయితే నిన్ను చూసి గుండె ఆగి చచ్చిందేమో. ఆవిడ తీర్పుకి తిరుగులేదు."

"మరి ఈ సాసేజి? ఏటా బాతు పడ్డ రోజునే ఇది నా జేబులో ఎందుకుంటుంది? మా ఆవిడ ప్రేమతో పెడుతోందనుకుని పదేళ్ల నుంచి తింటున్నాను!"

"తింటున్నావా? అందుకా పాపం మోరాగ్ నీ వంక అలా చూసేది" అన్నాడు వాటీ, మొదటిసారి నిజంగా నొచ్చుకుని.

సంఘం పాకలో అందరూ పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నారు. కార్యదర్శి ముంగో నిబంధనల ముందు కన్నతండ్రినైనా లెక్కచేయని మనిషి. నినియన్ బాతుని బల్ల మీద పెట్టాడు. అబద్ధమాడితే చోటు దక్కుతుంది. వాటీ వెనకనుంచి కోటు లాగుతూనే ఉన్నాడు. అయినా నినియన్ నోరు ఆగలేదు.

"ఇది నాది కాదు. నా తుపాకీ ఖాళీ. వాటీ కొట్టి నాకు అంటగట్టాడు. ఇన్నేళ్లూ అంతే చేశాడు. ఇదిగో సాక్ష్యం, దీని వాసనకే మోరాగ్ నా దగ్గరికి వచ్చేది" అని సాసేజి ముక్కని బాతు పక్కన పెట్టాడు.

ఆ ముక్కని చూసి, ఒకడు గొంతు సవరించుకున్నాడు. ఇంకొకడు కోటు జేబు తడుముకున్నాడు. కుక్క చచ్చిపోయిన ఏడో, చెయ్యి విరిగిన ఏడో, కళ్లద్దాలు మారిన ఏడో, ఒక్క సాయంత్రమైనా వాటీ పక్కన కూర్చోనివాడు ఆ పాకలో లేడు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా బూట్ల వంక చూసుకున్నారు. అందరికంటే ఎర్రగా మారింది కార్యదర్శి ముంగో ముఖం.

"మా ఆవిడ పెట్టిందనుకుని..." అన్నాడు సన్నగా. "ఆ ఏడు పెళ్లిరోజుకి ఆమెకి ముత్యాల చెవిపోగులు కొన్నాను."

"ఏమిటయ్యా వాటీ ఇది? ఈ తీరంలో నీ అంత గురి ఉన్నవాడు లేడన్నమాట!" అన్నాడు ఒక ముసలాయన.

వాటీ ఇరుకున పడి టోపీ నలిపాడు. "ఏం చేయమంటారు? ఒక్కణ్ణీ కూర్చుని బాతులు కొట్టుకుని ఏం చేసుకోను? ఎల్స్‌పెత్‌కి ఆ మాంసం పడదు. బురదలో మాట్లాడుకోడానికి ఒక మనిషుండాలి కదా. మోరాగ్ ఉంది కదా అంటారేమో, ఆవిడ మాట్లాడదు, తీర్పులే ఇస్తుంది. ఈ నినియన్ వెళ్లిపోతే నాకు అల్లం కేకు పంచుకోడానికి ఎవడున్నాడు?"

నినియన్ ముక్కు చీదుకున్నాడు. పళ్ల డాక్టరు గారు మాత్రం లేచి నిలబడ్డారు.

"మనసు కరిగే మాటే, కాదనను. కానీ ఇతని తుపాకీలో అసలు తూటాయే లేదు కదండీ!"

ముంగో నిబంధనల కాగితం తీసి, కళ్లద్దాలు సర్దుకుని, పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"కుక్క ఎవరి కాళ్ల దగ్గర పెడితే బాతు వాళ్లది. ఇందులో తూటా మాట ఎక్కడా లేదు" అని కాగితం మడిచేశాడు. "నినియన్ చోటు నినియన్‌దే. డాక్టరు గారూ, వచ్చే ఏడు రండి. ఆ బూట్లు కాస్త మాయనిచ్చి మరీ రండి."

మళ్లీ అక్టోబరు వచ్చింది. బాతులు దిగిన మొదటి సాయంత్రమే వాటీ, నినియన్, మోరాగ్ గట్టు కింద కూర్చున్నారు. నినియన్ తుపాకీలో రెండు తూటాలూ పెట్టి, మూడుసార్లు తెరిచి చూసుకున్నాడు. ఈసారి వాటీ బాతుని వాటీకే దక్కించాలని అతని పంతం. పొలాల వైపు నుంచి గుంపు వచ్చింది, తలమీదకి వచ్చింది.

"ఇప్పుడు!" అన్నాడు వాటీ.

ఎవరూ పేల్చలేదు.

"కొట్టవేంరా?"

"ముందు నువ్వు. పెద్దవాడివి."

"నాకెందుకురా? నువ్వు కొట్టు, నీతోపాటు నేనూ కొడతాను."

"ఆ పప్పులు ఇంక ఉడకవు. నువ్వొక్కడివే కొట్టు."

"ఒక్కణ్ణే కొట్టుకోడానికైతే నిన్నెందుకు రమ్మన్నాను?"

రెండో గుంపు వెళ్లింది. మూడోదీ వెళ్లింది. ఆకాశం ఖాళీ అయింది. మోరాగ్ ఒకసారి వాటీని చూసింది, ఒకసారి నినియన్‌ని చూసింది. లేచి, ఒంటిమీది బురదంతా ఇద్దరి ముఖాల మీదా దులిపి, ఇంటిదారి పట్టింది.

ఇద్దరూ తూటాలు తీసేసి, తుపాకులు చంకన పెట్టుకుని, క్షమాపణలు చెప్పుకుంటూ ఆవిడ వెనకే నడిచారు.