అత్త నూతి తాడు

పోయిన మంగళవారం తెల్లారేక మా పక్క పొలం అత్త పోయింది. ఆమె కూతురు ఫోన్ చేసి ఒక్క మాటే అంది. "బావా, అమ్మ లెగట్లేదు." నేను వెళ్ళేసరికి అరుగు మీద చాట అలాగే ఉంది. అందులో బియ్యం సగం ఏరి ఉన్నాయి, సగం ఏరాల్సి ఉన్నాయి.

మాది కె. కోటపాడు దగ్గర పల్లె. అత్తకూ నాకూ రక్తసంబంధం లేదు. ఆమె పొలానికీ నా పొలానికీ మధ్య ఒకటే గట్టు. ఆ గట్టు కలిపిన వరసతోనే ఆమె నాకు అత్త, నేను ఆమెకు అల్లుణ్ణి. మా ప్రార్థన మందిరంలో ఆమె ఏనాడూ అడుగు పెట్టలేదు. ఆమె దేవుడు ఆమె ఇంట్లో ఉన్నాడు. అయినా నా ప్రసంగాన్ని ఆమెలా విన్న మనిషి ఇంకొకరు లేరని ఒట్టేసి చెబుతాను. ఆదివారం మైకులో నేను మాట్లాడుతుంటే ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ వినేది. సోమవారం గట్టు దగ్గర కనిపించి తీర్పు చెప్పేది. "నిన్న మూడు మాట్లు ఒకటే ముక్క సెప్పేవు అల్లుడా. మొదటి మాటే అర్దమయిపోనాది."

అయ్యలారా, అమ్మలారా, ఈ కృతజ్ఞత రాయడానికి ముందు నా తప్పు రాయాలి. అది దాచి ఇది రాస్తే రెండూ అబద్ధమే అవుతాయి.

కొన్నేళ్ళుగా మా పల్లె చుట్టూ బోర్లు పడుతున్నాయి. నాలుగేళ్ళ కిందట నాకూ ఒకటి కావాలనిపించింది. చెరకు వేద్దామని ఆశ. బోరు దించాలంటే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. అధికారులు వచ్చి, చుట్టుపక్కల నూతులు ఎంత దూరంలో ఉన్నాయో, నేల కింద నీరు ఎంత ఉందో చూసి అనుమతి ఇస్తారు. అంత ఓపిక నాకెక్కడిది? లారీ అతను కూడా నాకు నచ్చిన మాటే చెప్పాడు. "ముందు దించేద్దాం మామా. కాగితం తరవాత సూసుకోవచ్చు." నేను చోటు గుర్తు పెట్టుకున్నాను. అది అత్త నూతికి ఇరవై అడుగుల దూరమైనా లేదు. ఆ నుయ్యే ఆమె వంగ మళ్ళకు తడి, మా వీధిలో సగం ఇళ్ళకు తాగే నీళ్ళు.

సంగతి తెలిసి అత్త సచివాలయానికి నడిచి వెళ్ళి, అనుమతి లేకుండా బోరు దించుతున్నాడని నా మీద ఫిర్యాదు రాయించి వేలిముద్ర వేసి వచ్చింది.

నాకు మండిపోయింది. ఆ ఆదివారం మైకు పట్టుకున్నాను. వాన కురిపించినవాడు ఎవరినీ దరఖాస్తు అడగలేదు, నా నేల కింద నీళ్ళకు ఆఫీసులో సంతకం ఏమిటి అని గర్జించాను. గ్రంథంలో ఉన్న నూతుల కథ ఎత్తుకున్నాను. తండ్రి తవ్వించిన నూతుల్ని పగవాళ్ళు మట్టితో పూడ్చేస్తే, కొడుకు మళ్ళీ తవ్వించుకుంటాడు. ఇంకా కొత్త నూతులు తవ్విస్తే అక్కడి వాళ్ళు వచ్చి ఈ నీళ్ళు మావని తగువుకు దిగుతారు. అక్కడికి ఆపేశాను. తగువుకు దిగింది ఎవరో వీధిలో అందరికీ అర్థమైంది.

సోమవారం పొద్దున్న బోరు లారీ వచ్చింది. పొలం దారిలో అత్త నిలబడి ఉంది. భుజం మీద నూతి తాడు చుట్ట.

"నిన్న బాగా అరిసేవు అల్లుడా. మిరియాల పాలు తాగేవా?"

"అడ్డు లెగు అత్తా. లారీ తిరగాల."

"లెగుతాను. ఆ కత ఆకరి దాకా సెప్పు, లెగుతాను."

"సెప్పేను కదా."

"ఏటి సెప్పేవు? రెండు నూతులు తవ్వేడు, రెండిటికాడా తగువే. మూడోది ఎక్కడ తవ్వేడు? నిరుడు మైకులో నువ్వే సెప్పేవు. నిన్న ఆ ముక్క మింగేసేవు."

లారీ అతను నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నేను చదివే గ్రంథం నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఆమెకది తెలుసు.

"తియ్యి. ముందుకి సదువు."

అక్షరం రాని మనిషి నా చేత పుస్తకం తెరిపించింది. ఆ కొడుకు తగువు వదిలి, అక్కడి నుంచి కదిలి, వేరే చోటికి పోయి మూడో నుయ్యి తవ్వించాడు. దాని కోసం ఎవరూ కొట్లాడలేదు. అందరికీ చోటు దొరికిందని దానికి పేరు పెట్టాడు. అది నాకు తెలియక కాదు, తెలిసే వదిలేశాను. దేవుని మాటలో నాకు కావలసినంత కోసుకుని మిగతాది పారేశాను. బడిలో ఎక్కువ చదవకపోయినా కష్టపడి అక్షరం అక్షరం నేర్చుకున్నవాణ్ణి, ఆ అక్షరాల్నే దొంగిలించాను.

"ఆ బాబుకి కోపం రానేదేటి?" అని అడిగింది అత్త.

"రాసి లేదత్తా."

"దూరం పోయేక కోపం ఏటికి," అంది.

లారీని వెనక్కి పంపించాను. మర్నాడు దరఖాస్తు పెట్టడానికి ఇద్దరం కలిసే సచివాలయానికి వెళ్ళాం.

ఆ తాడు గురించి చెప్పాలి. అత్త ఏటా రోహిణి కార్తెలో బొక్కెన నూతిలో వదిలి, అది నీటికి తగలగానే, నూతి గట్టు రాయి దగ్గర తాడుకు పాత చీర పీలిక ఒకటి కట్టేది. ఒక ఏడు ఎరుపు, ఒక ఏడు పసుపు. తాడు అరిగితే కొత్త తాడు పక్కన పెట్టి పీలికలన్నీ అదే కొలతకు మార్చి కట్టేది. నీరు దిగిన కొద్దీ పీలిక బొక్కెనకు దూరమవుతుంది. మొదటి పీలికలన్నీ ఒకే చోట గుత్తిగా ఉన్నాయి. బోర్లు పడ్డ తరవాత ఏడాదికో మూర, ఏడాదికో మూర పైకి పాకాయి.

భూగర్భ జలశాఖ నుంచి వచ్చిన మేడం ఆ తాడును గట్టు మీద పరిచి, టేపుతో పీలికకూ పీలికకూ మధ్య దూరం కొలిచి రాసుకుంది. "ఇది మీకు ఎవరు నేర్పారమ్మా?" అని అడిగింది.

"నూతికి నోరు లేదు కదమ్మా. గుడ్డ కడితే సెప్తాది."

నేను గుర్తు పెట్టిన చోటుకు అనుమతి రాలేదు. పొలానికి అవతలి కొసన పారే గెడ్డ పక్కన ఇచ్చారు. చిన్న మోటారే పెట్టాలన్నారు. ఈ తిరుగుడులో ఆ ఏటి పంట తప్పిపోయింది. నీళ్ళు చెరకుకు చాలినన్ని పడలేదు. చోళ్ళు, అదే రాగులు వేశాను, ఇప్పటికీ అవే వేస్తున్నాను. ఇదంతా తియ్యగా జరిగిందని చెప్పను. కానీ ఆ కాగితం వచ్చిన రోజు అత్త దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఒక్క ముక్క మింగకుండా చదివాను. విని, "నీ కాగితం నా నూతికి కూడా కాగితమే అల్లుడా," అంది.

ఆ ఆదివారం మైకులో మూడో నూతి కథ చదివి, నా తప్పు నేనే చెప్పుకున్నాను. నేల మీద గట్టు వేసుకోగలం గానీ నీటికి వేయలేమని, నా బోరు తాగేది నా నేల కింది నీళ్ళొక్కటే కాదని, పక్కవాడి దాహం చూసి రమ్మని అడిగే కాగితానికి తల వంచడం చిన్నతనం కాదని చెప్పాను. సోమవారం గట్టు దగ్గర అత్త తీర్పు. "నిన్న అరవనేదేటి? అయినా బాగానే ఇనిపించింది."

ఇప్పుడు ఏ వాక్యం తీసినా, అరుగు మీద ఆ చాట చప్పుడు వింటూనే చదువుతాను. నచ్చని చోట ఆగబోతే, ముందుకి సదువు అని వినిపిస్తుంది. నాకు పొలం ఇచ్చినవాళ్ళు ఉన్నారు, పుస్తకం ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ పుస్తకాన్ని ఆఖరి దాకా చదవడం నేర్పింది ఆమె.

మంగళవారం స్నానం చేయించడానికి నీళ్ళు కావలసి వచ్చాయి. కుళాయి ఉంది. కూతురు దాని వైపు చూడలేదు. తాడు నా చేతికిచ్చి, "నువ్వు తోడు బావా," అంది.

బొక్కెన వదిలాను. పీలికలు ఒకటొకటిగా అరచేతిలోంచి జారిపోయాయి, ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు. కింద నీరు తగిలిన చప్పుడైంది. తాడు బిగించి గట్టు రాయి దగ్గర పట్టుకుని చూశాను. నిరుటి ఆకుపచ్చ పీలికా, పదిహేను రోజుల కిందట ఆమె కట్టిన నీలం పీలికా, ఈసారి మూర ఎడం లేదు, రెండూ నా ఒక్క గుప్పిట్లోనే ఉన్నాయి.