మా మెట్ల మీది వైఫై

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా పవర్‌లూమ్‌ల చప్పుడులో బతుకుతున్నాను. దయ్యమే వచ్చి చెవిలో అరిచినా "ఆఁ, ఏంది?" అని అడిగే చెవులు నావి.

సూరత్‌లో మేముండేది పర్వత్ పాటియా అనే పేట. మా గల్లీలో వైఫై పెట్టించిన మొదటివాణ్ని నేనే. దానికి పాస్‌వర్డ్ పెట్టలేదు. గడప ముందుకొచ్చిన మనిషికి నీళ్లు లేవనడం మా పద్మశాలీల ఇళ్లలో లేదు. నెట్టూ అంతే అనుకున్నాను. గల్లీలో సగం పెళ్లిచూపులు నా వైఫై మీదే జరిగాయి, ఆ తర్వాతి తగాదాలూ దాని మీదే. తాపీ నది దాటి అడాజన్ దాకా అందేదని చెప్పుకునేవాణ్ని.

అడిగి వాడుకున్నవాడు రాజేశం ఒక్కడే. సిరిసిల్ల దగ్గరి ఊరు, నాకు తమ్ముడి వరస. వారానికోసారి మిల్లు బంద్ ఉండే రోజు మధ్యాహ్నం మా మెట్ల మీద కూర్చుని, ఊళ్లో ఉన్న భార్య లక్ష్మికీ బిడ్డకూ వీడియో కాల్ చేసేవాడు. పోయిన వానాకాలం జ్వరంతో పోయాడు. శవంతోపాటే అతని ఫోనూ ఊరికి వెళ్లింది.

దీపావళికి ఆ మెట్ల గోడకు గులాబీ రంగు వేయించాను.

ఆ తర్వాత పోలీసులు పిలిచారు. నా కనెక్షన్ నుంచి ఎవడో ఒక అమ్మాయికి బెదిరింపు సందేశాలు పంపాడు. వాడు దొరికాడు. అయినా అధికారి నన్ను వదల్లేదు. కనెక్షన్ నీ పేరున ఉంది, ఎవరు వాడుతున్నారో నీకు తెలిసి ఉండాలి, మళ్లీ జరిగితే లోపల కూర్చునేది నువ్వే అన్నాడు. ఆ అమ్మాయి తండ్రి బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ నోటి నిండా ఉండే నా జోకులు ఆ రోజు ఒక్కటీ రాలేదు.

"ఇంటికి తాళమేస్తవు, దీనికి ఎయ్యరాదా?" అంది నా భార్య.

వేశాను. పాస్‌వర్డ్‌గా మా కులదైవం మార్కండేయుడి పేరు పెట్టాను. చాయ్ చల్లారేలోపు గల్లీ అంతా దాన్ని కనిపెట్టి మళ్లీ నెట్‌లోకి వచ్చేసింది. మావాళ్లకు ఇంకే పేరు తోస్తుంది? ఈసారి చేతికొచ్చిన అక్షరాలూ అంకెలూ గుచ్చి కొండచిలువంత పాస్‌వర్డ్ పెట్టాను. మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

తర్వాతి బంద్ రోజు మధ్యాహ్నం ఊరి నుంచి లక్ష్మి ఫోన్ చేసింది.

"బావా, గోడకు గులాబి రంగు ఎప్పుడేసిన్రు?"

రాజేశం నంబరు నుంచి వీడియో కాల్ వచ్చిందట. ముఖం లేదు, మాట లేదు. మా మెట్లు, గోడ, మూసిన తలుపు. ఆ ఫోనేమో బ్యాటరీ ఉబ్బి ఆమె సందుగ పెట్టెలోనే పడి ఉంది.

తలుపు తీశాను. మెట్ల మీద ఎవరూ లేరు. ఆ గోడ ఫొటో మేం ఎవరికీ పంపలేదు. గల్లీలో అందరినీ అడిగాను, వాళ్లూ పంపలేదన్నారు.

ఆ మరుసటి బంద్ రోజూ కాల్ వచ్చింది. ఆ పై బంద్ రోజూ. ఎవడైనా ఆడుకుంటున్నాడేమో, రేపు స్టేషన్‌లో జవాబు చెప్పాల్సింది నేనే. పాస్‌వర్డ్ మార్చేస్తానని లక్ష్మితో అన్నాను.

"మార్చకు బావా. పిల్ల పొద్దటిసంది తల దువ్వుకొని కూసుంటది."

"చచ్చినోనికి పాస్‌వర్డ్ ఎవరు చెప్పిన్రు?" అని నా భార్యను అడిగాను. తను చీపురు తీసుకుంది. మెట్లు ఊడవడానికి వెళ్లింది.

ఎవరు వాడుతున్నారో నాకు తెలిసి ఉండాలన్నాడు అధికారి. తెలుసనే అనుకుంటున్నాను. ఎట్లా వాడుతున్నాడో మాత్రం ఈ రోజుకూ చెప్పలేను. పాస్‌వర్డ్ మార్చలేదు. బంద్ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో నెట్ కాస్త మెల్లగా వస్తుంది. ఆ కాసేపు మేమిద్దరం మా ఫోన్లు పక్కన పెట్టేస్తాం.