పసుపు ఎడారిలో కిరీటం

1969లో బోధన్‌లోని ఓ బడిలో నేను టెంపరరీ టీచరమ్మను. ఇన్‌స్పెక్టరు సారు నా పాఠం విని మెచ్చితేనే నౌకరీ పక్కా, లేకుంటే ఇంటికే. ఆ రోజు పాఠం లిబియా.

బడిలో ఆఫ్రికా పటం ఉంటే కదా! ఒళ్లు మండి, ఎర్గట్ల నుంచి అవ్వ పంపిన పసుపు డబ్బా పట్టుకుపోయి తరగతి గది బండల మీద దేశాన్ని పోశాను. ఉత్తరాన సముద్రం వెంట సన్నగా వేపాకు పొడి, దాని కింద ఎడారంతా పసుపు. నడుమ ముగ్గుపిండితో ఓ కిరీటం.

"ఈ దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు," అన్నాను. కాలువ నీళ్ల మీద బతికే ఊళ్ల పిల్లలు నోళ్లు తెరిచారు.

"మరి చెరుకెట్ల పండుతది టీచర్?" అంది ఓ రైతుబిడ్డ.

పండదన్నాను. ఖర్జూరాలు, భూమి కింద చమురు, అరబ్బీ భాష, ఇంటికొచ్చినవాళ్లకు మూడుసార్లు చాయ్ పోసే మర్యాద చెప్పుకుంటూ పోయాను. దక్షిణాన మగవాళ్లే ముఖానికి ముసుగు కట్టుకుంటారనగానే తరగతి గొల్లుమంది. సారు కూడా నవ్వాడు. ఇక నౌకరీ నాదేననుకున్నాను.

"ఈ దేశాన్ని రాజు పాలిస్తాడు," అని కిరీటం చూపించాను.

సారుకు మంచినీళ్లు తెచ్చిన ముసలి అటెండరు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన్ని అందరం చాచా అనేవాళ్లం.

"లేడు టీచరమ్మా. గా రాజును నిన్న ఫౌజోళ్లు గద్దె దించిండ్రట. పొద్దుగాల రేడియోల చెప్పిండ్రు."

సారు పుస్తకం తిరగేసి, "ఇందులో రాజనే ఉంది. అదే చెప్పండి," అన్నాడు.

చెబితే అయిపోయేది. పిల్లలేమో నా మొహమే చూస్తున్నారు. ఎక్కడలేని కోపం వచ్చింది, ఎవరి మీదో నాకే తెలియదు. వంగి అరచేత్తో కిరీటం తుడిచేశాను.

"మరిప్పుడెవరు ఏలుతరు టీచర్?"

"నాకు తెల్వదు."

సారు కలం మూత తీశాడు.

సాయంత్రం చాచా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా నోరు పడిపోను. మన రాజు దిగిపోయినంక గూడ శానా దినాలు పాత కితాబులే పంచిన బిడ్డా. పోరగాండ్లు లేని రాజును బట్టీ పట్టిండ్రు. మల్ల గట్లనే అయితదని ఆగలేకపోయిన."

నౌకరీ పోయింది. మరుసటి ఏడు కొత్త పుస్తకం ఒకటి తెచ్చి చాచా మా అరుగు మీద విప్పాడు. లిబియాలో రాజు అలాగే ఉన్నాడు. నమ్మలేక పేజీని రెండుసార్లు చదివాను.

"కొత్త టీచరమ్మ గిదే చెప్తున్నది," అన్నాడు చాచా.