ఐసుపెట్టెలో మామ ఊపిరి

చచ్చిపోయినవాణ్ణి బతికించిన మహానుభావుల కథలు మీరు వినే ఉంటారు. పురాణాల్లో అలాంటివాళ్ళకు కొదవ లేదు. కానీ చచ్చిపోయినవాణ్ణి నలుగురి ముందూ బతికించి, ఊరంతా సంబరపడ్డాక మళ్ళీ తన నోటితోనే చంపినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. చంపింది కూడా ఎవరో దారినపోయేవాణ్ణి కాదు, నాకు పిల్లనిచ్చిన మామను.

అప్పట్లో నేను తమిళనాట తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి. ఘనం, ద్రవం, వాయువు, వేడి, చలి, ప్రాణమున్నవి, ప్రాణం లేనివి. నా రాజ్యం ఆ మేరకే. అయినా పిల్లలు పొద్దస్తమానం "సార్, సార్" అని పిలుస్తుంటే, లోకంలో నాకు తెలియనిది లేదనే నమ్మకం ఎక్కడో పుట్టుకొచ్చి గజ్జిలాగా ఒళ్ళంతా పాకింది. పిచ్చోడి చేతిలో రాయి అంటారు గానీ, ఆ వయసులో నా చేతిలో సైన్సు అంతకంటే ప్రమాదం. రాయి అయితే ఒక్కడికే తగులుతుంది.

మా అత్తవారిది అత్తిమంజేరిపేట. మామ గోవిందస్వామి నాయుడు చెరకు రైతు. ఆయన దగ్గితే పక్కవీధిలో పడుకున్న ఎద్దులు లేచి నిలబడతాయని చెప్పుకునేవారు. ఆయన లెక్కలో నేల దున్నేవాడు మనిషి, నేల కొలిచేవాడు ఆఫీసరు, నేల గురించి మాట్లాడేవాడు పనికిమాలినవాడు. నేను ఏ రకమో విడిగా చెప్పక్కర్లేదు.

మా పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. కత్తిరి ఎండలు మండిపోతున్నాయి. ఒకరోజు పొద్దున్నే బావమరిది దామోదరం ఫోన్ చేశాడు.

"బావా... నాయిన పోయినాడు బావా."

బావి దగ్గర మోటారు వేయడానికి పోయి అక్కడే కూలబడ్డాడట. కారులో వేసుకుని తిరుత్తణికి పరుగెత్తారట. అక్కడ డాక్టరు నాడి చూసి, కళ్ళు చూసి, తల అడ్డంగా ఊపాడట.

నా భార్య భువన ఏడవలేదు. చీర మార్చుకుని బస్టాండుకు నడిచింది. అంతకు వారం ముందే తండ్రీకూతుళ్ళకు ఫోన్లో మాటా మాటా వచ్చింది. ఊరికి రమ్మని ఆయన, మీ అల్లుడికి లీవు లేదని ఈమె. "ఆ లీవు లేని మొగుణ్ణి ఆడే వదిలేసి నువ్వు రా" అని ఆయన అరిస్తే, ఈమె ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత మాటల్లేవు. బస్సు కనకమ్మ సత్రం దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

"ఏడువు భువనా. మనసు తేలికైతాది" అన్నాను.

"రాలేదు" అంది. అంతే.

ముందురోజు సాయంత్రం వాన పడి వెలిసిందేమో, ఊళ్ళో ఉక్క ఆవిరికుండలా ఉంది. ఇంటిముందు పందిరి, పలక డప్పుల మోత, ఒక పక్క వెదురు పాడె సిద్ధమవుతోంది. పందిరి మధ్యలో తిరుత్తణి నుంచి తెప్పించిన ఐసుపెట్టె, అదే, శవం చెడకుండా పెట్టే గాజుమూత ఫ్రీజర్. మూత మీద మోపులకొద్దీ పూలదండలు. మొహం దగ్గర మాత్రం ఒక జానెడు గాజు ఖాళీగా వదిలారు. వచ్చినవాళ్ళు వంగి అందులోంచి చూసి ఏడుస్తున్నారు. మా అత్త రాజమ్మ పెట్టె పక్కన నేల మీద కూర్చుని, గోడకేసి చూస్తోంది.

చావింట్లో కొత్త అల్లుడంత పనికిరాని వస్తువు ఇంకొకటి ఉండదండీ. ఏడిస్తే నాటకమంటారు. ఏడవకపోతే రాయి అంటారు. కుర్చీలో కూర్చుంటే పొగరు, నిలబడితే దారికడ్డం. చివరికి నేను పెట్టె తలవైపు పోయి స్తంభంలా నిలబడ్డాను. ఏదో ఒక పని చేసి ఈ ఇంటికి పనికొచ్చాననిపించుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, నేను చావుకు పోతూ సైన్సును చంకన పెట్టుకుపోయాను.

గాజుకు ఆవిరి పట్టి మామ మొహం మసకగా కనిపిస్తోంది. భువన సరిగ్గా చూడాలి కదా అని జేబురుమాలుతో తుడిచాను. కాసేపటికి మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ వచ్చింది, సరిగ్గా ముక్కు పైనే. నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపాన్ని అప్పుడే ఎవరైనా ఉఫ్‌మని ఊదేసి ఉంటే ఎంత బాగుండేది!

"భువనా! మామ ఊపిరి తీస్తా ఉండాడు!"

పలకలు దెబ్బ మధ్యలో ఆగిపోయాయి. ఏడుస్తున్న ఆడవాళ్ళ నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. మామకు అన్న అయిన చెంగల్రాయుడు, మా పెద్దమామ, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"ఏందయ్యా నువ్వనేది?"

"చూడు పెద్దమామా. మన ఊపిరిలో నీటి ఆవిరి ఉంటాది. చల్లటి గాజుకు తగిల్తే చెమ్మ అయిపోతాది. అద్దం మీద ఊది చూడు, తెలుస్తాది. తుడిస్తే మళ్ళా మళ్ళా వస్తా ఉండాదంటే, లోపల ఎవురో ఊదతా ఉండారనే గదా!"

"లోపల మా తమ్ముడు తప్ప ఇంకెవురూ లేరు గదయ్యా?"

"అదే నేను చెప్పేది!"

"మరి డాక్టరు చెప్పినాడే?"

"డాక్టర్లు పొరబాటు పడరా? పేపర్లో ఎన్ని చూడలా!"

పెద్దమామ స్వయంగా రుమాలు తీసుకుని తుడిచాడు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. చెమ్మ బుద్ధిమంతురాలిలా మళ్ళీ వచ్చింది. "ఆ!" అని పందిరంతా ఒక్కసారిగా అంది. ఎవరో 108కి ఫోన్ చేశారు.

"ముందు ఐసు ఆపు దామూ! చలికి రక్తం గడ్డ కడతాది" అని ఆజ్ఞాపించాను. దామోదరం స్విచ్చి ఆపేశాడు.

"మూత తీద్దాం, మూత తియ్యండి" అని భువన గాజు మీద పడబోయింది.

"వద్దు! ఒక్కసారిగా వేడిగాలి తగిల్తే గుండె తట్టుకోదు. అంబులెన్సు రానీ."

ఈ సంగతి ఏ పుస్తకంలో చదివానని అడక్కండి. ఆ పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు. మూసిన పెట్టెలో బతికున్న మనిషికి గాలెక్కడిదని కూడా మీరు అడగబోతున్నారు. నిజమే. ఆ ప్రశ్న ఆరోజు అక్కడ ఒక్కరూ అడగలేదు. మా ఏడో తరగతి పిల్లలెవరూ ఆ చావుకు రాకపోవడమే అందుకు కారణం.

కాసేపయ్యాక దామోదరం గావుకేక పెట్టాడు.

"బావా! చెమ్మ తగ్గతా ఉండాది! నాయిన పోతా ఉండాడు బావా!"

వంగి చూశాను. నిజంగానే గాజు తేటపడుతోంది.

"వెయ్! ఐసు వెయ్! తొందరగా!"

పెట్టె మళ్ళీ గుర్రుమంది. అందరం గాజు చుట్టూ తలలు చేర్చి కాచుకున్నాం. ముందు పలచగా, తర్వాత చిక్కగా చెమ్మ తిరిగొచ్చింది. ఒక ముసలామె చేతులెత్తి "గోవిందా!" అని అరిచింది.

ఐసు వేస్తే ఊపిరి రావడం, ఆపితే పోవడం ఏమిటని ఒక్కరికైనా అనుమానం రావాలి కదా? పెద్దమామకు వచ్చింది. సమాధానం కూడా ఆయనకే వచ్చింది.

"చిన్నప్పట్నించీ వాడికి ఉక్క పడదబ్బా. చల్లంగా ఉంటేనే వాడికి ఊపిరాడేది" అని, నా భుజం మీద చెయ్యి వేశాడు. "అల్లుడంటే నువ్వయ్యా!"

తాతకు దగ్గులు నేర్పినట్టు అంటారే, నేను మామకు ఊపిరి నేర్పాను. ఇక పందిరి పందిరిలా లేదు. "లేస్తానే పాడె కండ్లబడితే మళ్ళా పోతాడు" అని నలుగురు దాన్ని మోసుకుపోయి గడ్డివామి వెనక దాచారు. "లేస్తానే ఆకలంటాడు" అని ఎవరో గంజి కాచబోయారు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదని ఒకామె అడ్డుపడింది. "ఇంక ఇది చావిల్లు యాడమ్మా?" అని ఇంకొకామె ఆమెను నెట్టేసింది. అత్త మాత్రం గాజుకు నోరు ఆనించినంత దగ్గరగా వంగి, గొణుగుతూ ఏదో మాట్లాడుతోంది. ఆ సందడిలో ఎవరికీ వినబడలేదు.

భువన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. పొద్దుటినుంచీ ఎండిపోయి ఉన్న ఆ మొహంలో నవ్వు పుట్టింది.

"నాయిన లేస్తే కాళ్ళు పట్టుకుంటా. ఫోన్ పెట్టేసినందుకు కాళ్ళు పట్టుకుంటా" అంది.

అప్పుడు ఎవరో పుణ్యాత్ములు అంగడికి పరుగెత్తి, ఊపిరి కనిపెట్టిన అల్లుడికని చల్లటి కలర్ సోడా సీసా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒక గుక్క తాగాను. సీసా బయట నీటిచుక్కలు కారి వేళ్ళు తడిశాయి. రుమాలుతో తుడిచాను. కాసేపటికి మళ్ళీ చుక్కలు. మళ్ళీ తుడవబోయి ఆగిపోయాను.

ఆ సీసాలో మా మామ లేడు.

ఆ చుక్కల పాఠం ప్రతి ఏడాదీ చెబుతాను నేను. బల్ల మీద ఐసునీళ్ళ గ్లాసు పెట్టి, "బయట తడి యాడినుంచి వచ్చింది?" అని అడుగుతాను. "గ్లాసు కారతా ఉంది సార్" అనే పిల్లవాణ్ణి చూసి నవ్వుతాను కూడా. గాలిలోని తేమ చల్లటి గాజుకు తగిలి నీరవుతుంది. లోపలి నుంచి ఎవరూ ఏమీ పంపనక్కర్లేదు.

వేలితో పెట్టె గాజు మీద ఒక గీత గీశాను. వేలు తడిసింది. తడి ఇటువైపునే ఉంది. ఇంతసేపూ నా రుమాలు తుడిచింది కూడా ఇటువైపునే కదా! లోపలి ఊపిరిని బయటినుంచి తుడిచిన ఘనుడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

నవ్వుతున్నారా? నవ్వండి. నేను మాత్రం తలెత్తి చూశాను. పందిరి నిండా ఆశ. అందరి కళ్ళూ గాజు మీదే. లోపల ఊపిరి లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పకుండా ఊరుకుంటే అంబులెన్సువాళ్ళే చెబుతారు కదా అని ఒక పిరికి ఆలోచన వచ్చింది. కానీ భువన ఇంకా నా చెయ్యి వదల్లేదు. అలా పట్టుకుని ఉండగా ఆ మాట పరాయివాళ్ళ నోట వినడం కంటే...

"భువనా, తడి లోపల లేదు. బయట ఉండాది."

"అంటే?"

"అంటే... అది గాలిలో ఉండే తేమ. మామది కాదు."

ఆమె నన్ను చూసింది. గాజును చూసింది. నా చెయ్యి వదిలేసింది. తిరువళ్ళూరు నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. దాన్ని పోల్చడానికి నా దగ్గర ఉపమానం లేదు. పెట్టాలని కూడా లేదు.

అంబులెన్సులో వచ్చిన అమ్మాయి మూత తీయించింది. మెడ పట్టి చూసింది, కంట్లో లైటు వేసింది. నిటారుగా లేచి, అందరినీ కలయజూసి తమిళంలో అడిగింది:

"ఉయిర్ ఇరుక్కున్ను యారు సొన్నది?"

ప్రాణముందని చెప్పిందెవరని అడిగితే చూపించడానికి ఊళ్ళో వేళ్ళకు కరువా? అన్నీ నా వైపే తిరిగాయి.

"నీంగ ఎన్న వేలై పాక్కిరీంగ?"

ఏం పని చేస్తారని ఆమె అడిగితే, "టీచర్" అన్నాను. ఏం టీచరో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. పెద్దమామ ఊరుకోవచ్చు కదా? "సైన్సు అయివోరు" అని ఆయన చెప్పేశాడు. ఆ అమ్మాయి గ్లౌజులు విప్పుకుని పోయి బండెక్కింది.

పెద్దమామ కర్ర మీద గడ్డం ఆనించాడు.

"పొద్దన ఒకసారి పోయినాడు, ఉండే ఏడుపంతా ఏడ్చినాం. ఇప్పుడు మళ్ళా పోయినాడు. దీనికి యాడ తెచ్చేదయ్యా ఏడుపు?" అన్నాడు.

గడ్డివామి వెనకనుంచి పాడె తిరిగొచ్చింది. పలకలు మళ్ళీ మొదలయ్యాయి. పొద్దు వాలకముందే అంతా అయిపోయింది. శ్మశానానికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా పక్కన ఎవరూ నడవలేదు. స్నానం చేసి వచ్చి పెరట్లో ఒక మూల ఒదిగి కూర్చున్నాను. అత్త నన్ను పిలిపించింది.

"అత్తా, చెప్పుతో కొట్టు" అన్నాను తల వంచుకుని.

"ఎందుకు నాయినా? ఇట్ట కూచో." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నువ్వు బతికుండాడని చెప్పినాక, నేను ఆయప్పతో మాట్లాడినా."

"ఏం చెప్పినావత్తా?"

"ఏమయ్యా, ఏమయ్యా అని పిలిచినా. లేవలా. పెండ్లయినకాడ్నించీ ఆయప్ప పేరు నా నోట రాలేదు నాయినా. ఓటరు కార్డుకు వచ్చినోళ్ళు అడిగినా పక్కింటామె చేత చెప్పించినా. అట్టాంటిది, కోపానికన్నా లేస్తాడేమోనని, 'ఒరే గోవిందసామీ, లేచి కూచోరా' అనేసినా. ఒకసారి గాదు. నోరు నొప్పి పుట్టేదాకా 'ఒరే, ఒరే' అంటానే ఉండినా."

అత్త మళ్ళీ ఒకసారి చుట్టూ చూసింది.

"నువ్వు చెప్పింది నిజమై ఆయప్ప లేచి కూచోనుంటే? 'ఎవుతే అది, నన్ను ఒరే అనింది' అని అడిగుంటే? నా గతేం కావాల?" అంది అత్త. "పోయి నన్ను బతికించినాడు నాయినా."

ఆ మాట అని నవ్వింది. నవ్వు సగంలోనే విరిగి ఏడుపైపోయింది. నేనూ ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపును మాత్రం ఎవరూ నాటకమనలేదు.

కాబట్టి ముక్కోటి దేవతలూ, నేను పాఠం చెప్పిన పిల్లలూ వినండి. ఇకమీదట డాక్టరు చచ్చాడన్నవాడు నా ఎదుట తుమ్మినా, దగ్గినా, వక్కాకు తెమ్మని అడిగినా సరే, బతికున్నాడని నా నోటితో అననుగాక అనను. చావింట్లో ఎవరైనా ఏం పని చేస్తారని అడిగితే, డ్రిల్లు మాస్టరునని చెబుతాను.