గొర్రెలకు వేయించిన టీకా

ఈ ఏడాది మా ఇంట జరిగిన అన్యాయాలు, జరిగిన వరుసలో:

చైత్రం, మొదటి బుధవారం: తొమ్మిది నెలలు నిండిన నా మునిమనవరాలికి తట్టు టీకా వేయడానికి నర్సమ్మ వచ్చింది. పాప నిద్రపోతోందని తిప్పి పంపారు.

వైశాఖం, రెండవ బుధవారం: పాప ఊళ్లో లేదన్నారు. పాప లోపలి గదిలో నవ్వుతోంది. ఆ నవ్వు నర్సమ్మకూ వినిపించింది.

జ్యేష్ఠం, తొలకరికి ముందు: పాప తండ్రి, నా మనవడు, తన గొర్రెలన్నిటికీ చిటుకురోగం టీకా వేయించుకొచ్చాడు. ఆ తర్వాతి బుధవారం నర్సమ్మకు వాకిట్లోనే కుర్చీ వేసి ఆపాడు.

మూడవసారి నేను అరుగు మీదే ఉన్నాను. "ఏమన్నా, గొర్రెలనైతే తెల్లారకముందే తోలుకపోతివి, పాపకనేసరికి ఫోను చూపిస్తాండావు" అని నర్సమ్మ దెప్పింది. "గొర్రె చస్తే నష్టమక్కా. పాపకేం, బాగుండాది కదా. సూది ఏసినాక ఏమయితాండాదో ఈడ చూడు" అని, డిగ్రీ చదివిన మావాడు ఫోనులో ఎవరో పంపిన వీడియో చూపి నవ్వాడు.

మడకశిర వైపు పల్లెల్లో పెరిగిన మా తరంవారికి గుర్తుండే ఉంటుంది, తొలివానకు మొలిచిన లేతగడ్డి మేసిన గొర్రె చిటుకురోగం తగిలి, పొద్దున బాగుండి సాయంత్రానికి ఎగిరిపడి చనిపోయేది. అందుకే పశువుల డాక్టరు వచ్చాడని తెలియగానే మా నాయన మందను తోలుకెళ్లి, ఒక్కొక్కదాని వెనుకకాలు పట్టి ఆపి, సూది పడిన గొర్రె చెవికి ఎర్రమట్టి పూసి, పూత లేనిది ఒక్కటైనా మిగిలిందేమోనని మందంతా మళ్లీ వెతికేవాడు. అదే నాయన, మశూచి టీకాలవాడు పొలిమేర దాటాడని వినగానే, పసిపిల్లలను రొప్పంలో, అంటే ముళ్లకంప చుట్టిన గొర్రెల దొడ్డిలో, గొర్రెపిల్లల నడుమ దాచేవాడు. మశూచిని మేము రోగమనేవాళ్లం కాదు, అమ్మవారనేవాళ్లం; అమ్మ రాకముందే సూది పొడిపించుకోవడం ఆమెను గడప దగ్గరే అవమానించడమని మా అవ్వ నమ్మకం, దానిని కాదనే ధైర్యం నాయనకు లేదు. బడిలో వరుసలో నిలబెట్టినందువల్ల నాకు టీకా పడింది. బడి ఈడు రాని చెల్లెలు రొప్పంలో ఉండిపోయింది.

మరుసటి ఎండాకాలం ఆమెకు అమ్మవారు పోసింది. వాకిట వేపకొమ్మ కట్టి, తిరగమోత మానేసి, ఆమెను వేపాకు పరుపు మీద పడుకోబెట్టి ఇల్లంతా గొంతు తగ్గించి మెలిగాం. చెల్లెలు బతికింది, రెండు కళ్లూ పోయాయి.

కొన్నేళ్లకు, మంద టీకాలు వేయించుకుని ఇల్లు చేరిన ఒక సాయంత్రం, గొర్రెల చెవుల మీది మట్టిని తడుముతూ చెల్లెలు అడిగింది. "నాయనా, వీటికి మర్చిపోకుండా ఏయిస్తావు కదా, నాకేల ఏయించలేదు?" సంతలో బేరగాళ్లను నోరెత్తనివ్వని మనిషి, ఆ రోజు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆమె తిరిగి అడగలేదు. ఆయన జవాబు చెప్పకుండానే కాలం చేశాడు.

టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చునని నర్సమ్మే చెబుతుంది, నేనూ కాదనను. అనుమానముంటే డాక్టరును అడగడం తప్పు కాదు, అడగకుండా తలుపు వేయడం తప్పు. నాయనకు చదువు లేదు, అడగడానికి దగ్గరలో ఆసుపత్రీ లేదు. మా మనవడికి రెండూ ఉన్నాయి. ఒకనాడు టీకాలవాణ్ణి చూసి పిల్లలతో చేలల్లోకి పరుగెత్తిన ఊరు, ఇప్పుడు నర్సమ్మకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మర్యాదగా వెనక్కి పంపుతోంది. ఇన్నేళ్లలో మా ఇంట మారింది ఆ మర్యాద ఒక్కటే.

కావున మనవడికి ఇందుమూలముగా తెలియజేయునది: వచ్చే బుధవారం పాపకు టీకా వేయించవలెను. వేయించని పక్షంలో, గొర్రెలకు వేయించి ఆమెకు ఎందుకు వేయించలేదో కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వవలెను. ఆ జవాబు నా పేరున అక్కరలేదు. పాప పేరున రాయవలెను. చదువు వచ్చిన నాడు ఆమె చదువుకుంటుంది.