కొండ మీది కేక, కంప్యూటర్లో జవాబు

ఆ రోజుల్లో కంప్యూటరుకి గుడ్డ కప్పేవారు, అది ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవారు. దాని ముందు కూర్చున్నవాడికి తెలివి ఉందా లేదా అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అనంతగిరి కొండల్లో ఒక మిషన్ బడిలో ఆ కుర్చీ నాది. ఉద్యోగం టెంపరరీ. (గౌరవం పర్మనెంటే.)

కొండ అవతల మా బడి హాస్టలుకి వార్డెను మా బావ. చినుకు పడితే చాలు, అక్కడి ఫోను పడుకునేది. అందుకని ఇద్దరం, సొంత సెట్టు మీద దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకోనిచ్చే హామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాసి (నేను రెండుసార్లు రాశాను, పునాది గట్టిగా ఉండాలి కదా!), రేడియో సెట్టుని కంప్యూటరుకి తగిలించి, ఈ తెర మీద కొట్టిన అక్షరాలు గాలిలో వెళ్లి ఆ తెర మీద పడేట్టు చేస్తామని బడి పెద్ద ఫాదర్ దగ్గర బీరాలు పలికాం. దీన్ని ప్యాకెట్ రేడియో అంటారు. దానికి కావలసిన లినక్సు అనే సాఫ్ట్‌వేరు ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో దొరికింది. అర్థం చేసుకునే బుర్ర ఆ పత్రికతో రాలేదు. సూచనల కాగితంలో కెర్నలు మళ్లీ కంపైలు చేసుకోమని ఉంది. కెర్నలంటే ఏమిటో తెలియకుండానే ఉదయం ప్రార్థన మొదలు మధ్యాహ్న భోజనం దాకా కంపైలు చేశాను. "ఆఫీసరుగారు తనిఖీకి వచ్చిన రోజున హాస్టలు నుంచి జవాబు రప్పించు. నిన్ను పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెడతాను" అన్నారు ఫాదర్.

మూడు వారాలైనా జవాబు లేదు. ఏరియల్ని చర్చి గంట పక్కకి ఎక్కించాను, దించాను, మళ్లీ ఎక్కించాను. అవతలి గూడెం నుంచి వచ్చే మా వంటమ్మ టీ గ్లాసుతో నిలబడి చూసింది. "ఏటి సేత్తన్నావు బాబూ? నడుమ కొండుంది కదా! తిన్నగా కేకేత్తే దానికి తగిలి పడిపోద్ది. మేమైతే కొండ మీద పోడు సేలో పనిసేసేటోళ్లకి కేకేత్తాం, ఆళ్లు అటేపోళ్లకి కేకేత్తారు" అంది.

"ఇది సైన్సమ్మా" అన్నాను, ఎంతో జాలిగా.

తనిఖీకి ముందురోజు ఏవో మార్పులు చేశానో లేదో, తెర మీద 'కనెక్టెడ్' అని పడింది! ఎగిరి గంతేశాను. మర్నాడు ఆఫీసరుగారి ఎదుట ఇంగ్లీషు అక్షరాల్లో "క్షేమమా?" అని కొట్టాను. రెప్పపాటులో "క్షేమమా?" అని వచ్చింది.

"మనం అడిగిందే వాళ్లూ అడుగుతున్నారేమిటి?" అన్నారాయన.

"మర్యాదస్తులు సార్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఫాదర్ పెన్ను మూత తీశారు.

సరిగ్గా అప్పుడే వంటమ్మ గుమ్మంలోకి వచ్చింది. "బాబూ, మీ బావగారు కొండ మీదోళ్ల సేత కేకేయించినారు. పొద్దున్నుంచీ అక్కడ కరెంటు నేదంట. కంపూటరు ఆడనేదంట. ఆఫీసరుబాబుకి ఏటి సెప్తావో సూసుకోమన్నారు."

ఫాదర్ పెన్ను మూత పెట్టేశారు. తర్వాత తెలిసింది: బావ కంప్యూటరు గుర్తు రాయవలసిన చోట నా కంప్యూటరు గుర్తే రాశాను. పైగా పరీక్ష కోసం పెట్టుకున్న, వచ్చిన మాటని వచ్చినట్టే తిప్పి పంపే ప్రోగ్రాముని ఆపడం మరిచాను. మూడు వారాలు చెమటోడ్చి నన్ను నేనే పలకరించుకున్నానన్నమాట. ఆఫీసరుగారు తనిఖీ పుస్తకంలో "సమాచార ఏర్పాట్లు సంతృప్తికరం" అని రాసి, పక్కన "వంటగది విభాగం" అని చేర్చారు. సిగ్గుతో చచ్చిపోయాను.

సూచనల కాగితాలు మళ్లీ చదివితే, మధ్యలో ఇంకో స్టేషను పెట్టుకోవచ్చని ఉంది. అది ఇటు విన్నది అటు పలుకుతుందట. బావా నేనూ మూడో సెట్టునీ ఒక బ్యాటరీనీ మోసుకెళ్లి, వంటమ్మ వాళ్ల పోడులోనే పెట్టాం. ఈసారి అక్షరాలు నిజంగానే వెళ్లాయి. నా కాగితం సంతకమయ్యే రోజు ఫాదర్ హాస్టల్లో ఉన్నారు. కబురు తనే స్వయంగా టైపు చేస్తానన్నారు. నేను తెరకి అతుక్కుపోయాను.

కొండ మీంచి ఎవరో కేకేశారు. వంటమ్మ పరిగెత్తుకొచ్చింది. "పర్మనెంటంట బాబూ! ఫాదరుబాబు సంతకం ఎట్టేసినారంట! ఇదిగో, బేగి టీ తాగు!"

"ఉండమ్మా, తెర మీద రానీ" అన్నాను. ఫాదర్ ఒంటి వేలితో కొడుతున్నారు మరి. చాలాసేపటికి వచ్చింది, సగం అక్షరాలతో.

ఇప్పుడు ఆ పోడు పక్కనే సెల్ టవరుంది. కేకేసేవాళ్లు లేరు, వంటమ్మా లేదు. బతుకంతా నిలబెట్టిన కబురు మనిషి నోట, నవ్వుతో సహా వచ్చి ఎదురుగా నిలబడితే, తెర మీద పడేదాకా నమ్మనన్న ఆ కుర్రాడు తలపుకొస్తే నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. టీ కూడా చల్లార్చుకున్నాడు వెధవ.